ఆ బుధవారం గాలి మళ్లింది

బ్రిస్టల్ ఊరికి ఉత్తరాన యాష్లీ డౌన్ అనే మెరక ఉంది. 1857 నవంబరు నెలాఖరు నాటికి ఆ మెరక మీది పెద్ద రాతి భవనంలో మూడు వందల మంది పిల్లలుండేవాళ్లు. అందరూ తల్లీ తండ్రీ ఇద్దరినీ పోగొట్టుకున్నవాళ్లే. వాళ్లలో పసివాళ్లూ ఉన్నారు. ఆ భవనం కింద నేలమాళిగలో ఉన్న బాయిలర్ బాగా కారుతోందని, ఆ స్థితిలో చలికాలం గట్టెక్కడం అసాధ్యమని ఒకరోజు ఆ అనాథాశ్రమం నడిపే జార్జ్ ముల్లర్‌కు కబురు చేరింది.

బాయిలర్ అనగానే మనకు రైసు మిల్లో చక్కెర ఫ్యాక్టరీయో గుర్తొస్తుంది. అక్కడ అది ఇంటిని వెచ్చగా ఉంచే సాధనం. గుండ్రంగా, పొడుగ్గా ఉన్న పెద్ద బాయిలర్. దాని కడుపులోనే నిప్పు. కాగిన నీళ్లు గొట్టాల్లోంచి గదిగదికీ పారి గాలిని వెచ్చబెడతాయి. ఇంగ్లండు చలిలో ఆ నిప్పు ఆరిందంటే పడక గదుల్లో, బడి గదుల్లో, పసివాళ్లుండే గదుల్లో ఒక్కసారిగా చలి కమ్ముకుంటుంది. చలి చేస్తే దగ్గు, దగ్గు ముదిరితే న్యుమోనియా. ఆ కాలంలో పసిపిల్లలకు అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

బాయిలర్ చుట్టూ ఇటుక కట్టడం ఉంది. దాన్ని ఊడదీస్తే తప్ప చిల్లు ఎక్కడుందో తెలియదు. ఊడదీస్తే ఉన్న బాయిలర్‌కు ఇంకా దెబ్బ తగలొచ్చు. ఎనిమిది చలికాలాలు ఏ పేచీ లేకుండా పనిచేసింది కాబట్టి ఇలా అవుతుందని ఎవరూ అనుకోలేదు. కొత్తది చేయించి బిగించాలంటే వారాలు పడుతుంది. అన్ని వారాలు నిప్పు లేకుండా పిల్లలెలా ఉంటారు?

ముల్లర్ కూర్చుని ఒక్కో మార్గం ఆలోచించాడు. గ్యాసు స్టవ్‌లు పెడితే? అంత పెద్ద గదులకు చాలా స్టవ్‌లు కావాలి. దీపాలకు వాడుతున్న గ్యాసులోంచి అంత మిగలదు. పైగా ఒక్కో స్టవ్‌కీ పొగగొట్టం అమర్చాలి. ఆర్నాట్ స్టవ్‌లని ఆ రోజుల్లో పేరున్నవి ఉన్నాయి. వాటికి కిటికీల్లోంచి బయటికి పోయేంత పొడవాటి గొట్టాలు కావాలి. అదీ కుదరలేదు. ఈ చిక్కు తీరితే వంద పౌండ్లు సంతోషంగా ఇచ్చేవాణ్ణని ఆయన తర్వాత రాసుకున్నాడు. డబ్బుతో తీరే చిక్కు అయితే ఆయన అంత కలవరపడేవాడు కాదు. డబ్బు లేని రోజుల్ని ఆయన చాలా చూశాడు.

ముల్లర్ పేరు తెలుగు క్రైస్తవ కుటుంబాలకు కొత్త కాదు. బల్లల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, వంటింట్లో ఏమీ లేకపోయినా దేవునికి కృతజ్ఞతలు చెప్పాడనీ, అంతలో రొట్టెల వ్యాపారి, పాల బండివాడు వచ్చి తలుపు తట్టారనీ సండే స్కూళ్లలో చెబుతుంటారు. ఈ బాయిలర్ సంగతి అంతగా ప్రచారంలో లేదు. నాకు మాత్రం ఇదే ఎక్కువ నచ్చుతుంది. దీన్ని ఆయనే స్వయంగా, రోజులతో సహా రాసిపెట్టాడు. పైగా దేవుని మీద ఆధారపడిన మనిషి చేతులు ముడుచుకు కూర్చోడని ఇందులో కనిపించినంత స్పష్టంగా పాలబండి కథలో కనిపించదు.

ఆ ఆధారపడడం ఆయనకు పుట్టుకతో రాలేదు.

1805లో ప్రష్యాలో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే ఉద్యోగి. ఇంట్లో ఉన్న సర్కారు సొమ్ము కొంచెం కొంచెంగా తగ్గుతుంటే తండ్రి లెక్క పెట్టి మరీ పట్టుకున్నాడు, దొంగ కొడుకే. తల్లి చావుబతుకుల్లో ఉన్న రాత్రి పద్నాలుగేళ్ల జార్జ్ పొద్దుపోయేదాకా పేకాటలో ఉన్నాడు. పదహారేళ్లకు సత్రాల్లో దిగి, తిని, డబ్బు కట్టకుండా జారుకోబోయి జైలుపాలయ్యాడు. ఆ కుర్రాడు హాలె విశ్వవిద్యాలయంలో చదువుతుండగా ఒక శనివారం సాయంత్రం స్నేహితుడితో కలిసి ఒక ఇంట్లో జరిగే ప్రార్థనకు వెళ్లాడు. మనుషులు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థించడం చూడడం ఆయనకదే మొదటిసారి. అది 1825. ఆ సాయంత్రంతో ఆయన బతుకు మలుపు తిరిగింది.

హాలె ఊరి గురించి ఒక మాట. అక్కడ ఫ్రాంకే అనే బోధకుడు పదిహేడో శతాబ్దం చివర్లో పెట్టిన అనాథాశ్రమం ఉంది. ముల్లర్ విద్యార్థిగా కొన్నాళ్లు అందులోనే ఉచితంగా తలదాచుకున్నాడు. తెలుగు నేర్చి మద్రాసులో పనిచేసి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1740ల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది ఆ ఊళ్లోనే. అచ్చులో వచ్చిన తొలి తెలుగు పుస్తకాలు అవే. బ్రిస్టల్ అనాథాశ్రమానికి బీజం పడిన చోటే మన అక్షరాలకు అచ్చు రూపం వచ్చిందన్న సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1829లో ఇంగ్లండుకు వచ్చిన ముల్లర్, మరుసటి ఏడాది టెయిన్‌మత్ అనే చిన్న ఊళ్లో సంఘ కాపరిగా ఉంటూ జీతం వద్దన్నాడు. అక్కడ జీతం వచ్చేది గుళ్లో కూర్చునే బల్లల అద్దెలోంచి. డబ్బున్నవాడికి ముందు బల్ల, లేనివాడికి వెనక బల్ల. అది ఆయనకు నచ్చలేదు. గుళ్లో ఒక పెట్టె పెట్టించి, ఇవ్వదలిచినవాళ్లు అందులో వేయండన్నాడు. తన అవసరం దేవునికి తప్ప మరెవరికీ చెప్పకూడదని ఆయన, భార్య మేరీ నియమం పెట్టుకున్నారు. పెళ్లయిన కొద్ది వారాలకే ఇలాంటి నిర్ణయం తీసుకోవడం చిన్న విషయం కాదు. మేరీ పక్కన నిలబడకపోతే ఆ నియమం నెల కూడా నిలిచేది కాదని నా నమ్మకం.

1832లో బ్రిస్టల్ చేరారు. ఆ ఏడే ఊళ్లో కలరా చెలరేగింది. తల్లిదండ్రులు పోయి వీధిన పడ్డ పిల్లలు కళ్లెదుటే కనిపిస్తున్నారు. అయితే అనాథాశ్రమం పెట్టడానికి ముల్లర్ చెప్పిన మొదటి కారణం వేరు. తన సంఘంలో ఒక మనిషి రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు పనిచేసి ఒళ్లు గుల్ల చేసుకుంటున్నాడు. కాస్త తగ్గించు, కుటుంబంతో గడుపు, ప్రార్థించుకో అంటే, తగ్గిస్తే ఇల్లు గడవదంటాడు. దేవుడు చూసుకుంటాడన్న మాట ఆ మనిషికి నోటిమాటగానే మిగిలింది. అలాంటివాళ్లకు కళ్లతో చూడగలిగిన సాక్ష్యం ఒకటి కావాలని ముల్లర్ ఆరాటపడ్డాడు. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి, ఎవరినీ అడగకుండా, ప్రార్థన ఒక్కటే చేసి వందల మంది పిల్లలకు అన్నం పెడితే, ఆ పద్నాలుగు గంటల మనిషికి కొంచెమైనా ధైర్యం రాదా?

1835 డిసెంబరులో సభ పెట్టి తన ఉద్దేశం చెప్పాడు. ఇల్లు కావాలని ప్రార్థించాడు, విల్సన్ వీధిలో అద్దె ఇల్లు దొరికింది. పనివాళ్ల కోసం ప్రార్థించాడు, జీతం లేకుండా చేస్తామని వచ్చారు. మంచాలు, పళ్లేలు, దుప్పట్లు, గుడ్డలు ఒక్కొక్కటిగా సమకూరాయి. 1836 ఫిబ్రవరి 3న పిల్లల కోసం దరఖాస్తులు తీసుకుంటామని చెప్పి, గుడి పక్క గదిలో రెండు గంటలు కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు.

తిరిగి ఇంటికి నడుస్తూ ఆలోచిస్తే అర్థమైంది. ఇంటి కోసం, డబ్బు కోసం, పనివాళ్ల కోసం, సామాను కోసం ప్రార్థించాడు. పిల్లల్ని పంపమని మాత్రం అడగలేదు. దిక్కులేని పిల్లలకు కొదవేముంది, వేల మంది ఉన్నారు, వాళ్లంతట వాళ్లే వస్తారని అనుకున్నాడు. ఆ సాయంత్రం నేల మీద పడి ప్రార్థించాడు. ఈ పనంతా ఫలించకపోవడమే దేవుని చిత్తమైతే దానికీ సిద్ధమేనన్నాడు. మర్నాడు మొదటి దరఖాస్తు వచ్చింది. తర్వాత వాటికి ఏనాడూ కొరత రాలేదు.

మనమూ అంతే. కష్టమనుకున్న దాన్ని దేవుని చేతిలో పెడతాం. సులువనుకున్న దాన్ని మన దగ్గరే అట్టేపెట్టుకుంటాం.

మొదటి రెండేళ్లు డబ్బుకు ఇబ్బంది లేదు. 1838 వేసవి దాటాక చేతిలో పైసా లేని స్థితి వచ్చింది. అప్పటికి విల్సన్ వీధిలో మూడు ఇళ్లు, దాదాపు వంద మంది పిల్లలు. ముల్లర్ నియమాలు కఠినమైనవి. అప్పు చేయకూడదు. అరువు సరుకు తేకూడదు. ఈ పూట కష్టంగా ఉందని బయటివాళ్లకు చూచాయగా కూడా చెప్పకూడదు. పిల్లలకు మాత్రం ఏ లోటూ తెలియకూడదు. ఆ నెలల్లో అక్కడి టీచర్లు, పనివాళ్లు తమ చేతిలో ఉన్న కొద్దిపాటి చిల్లర తెచ్చి ఆశ్రమం పెట్టెలో వేశారు.

సెప్టెంబరు 18న ఇక ఏమీ లేదు. ఇంట్లో అవసరం లేని సామాను ఏదైనా అమ్ముదామా అన్నంతవరకూ వచ్చింది. ఆ మధ్యాహ్నం ఒక స్త్రీ వచ్చి మూడు పౌండ్ల రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు చేతికిచ్చింది. లండన్ దగ్గర్లో ఉండే ఆమె కూతురు పంపిన డబ్బు అది. ఆమె బ్రిస్టల్‌కు వచ్చి అప్పటికే నాలుగైదు రోజులైంది. దిగింది ఎక్కడో కాదు, మగపిల్లల ఆశ్రమానికి ఆనుకుని ఉన్న ఇంట్లో. వీళ్లు రొట్టె ముక్క కోసం ప్రార్థిస్తున్న రోజులన్నీ ఆ డబ్బు గోడకు అవతల ఉంది. దేవునికి ఇవ్వాలని లేకపోతే అంత దగ్గరగా ఎందుకు తెచ్చిపెడతాడని ముల్లర్ ఆశ్చర్యపోయాడు. ముందే ఇవ్వకుండా చివరి గంట దాకా ఆపడం తమకు నేర్పడానికేనని కూడా ఆయనకు తోచింది. ఆ మాట రాసేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయి ఉంటుందని చదివేవాడికి తెలిసిపోతుంది.

ఇచ్చినవాళ్లంతా కలవారేమీ కాదు. తొలినాళ్లలో వంద పౌండ్లు ఇచ్చిన ఒకామె కుట్టుపని చేసుకునే మనిషి. వారానికి కొద్దిపాటి షిల్లింగులే సంపాదన, ఆరోగ్యం అంతంతమాత్రం. తండ్రి పోతే వాటాగా వచ్చిన డబ్బులోంచి వంద తెచ్చింది. ముల్లర్ వెంటనే పుచ్చుకోలేదు. పిలిపించి, తొందరపడుతున్నావేమో ఆలోచించుకొమ్మని మాట్లాడాడు. ఆమె అప్పటికే ఆలోచించుకుంది. తండ్రి అప్పులు తీర్చేసింది, తల్లికి ఇవ్వాల్సింది ఇచ్చింది, మిగిలిన దాంట్లోంచే ఇది అంది. డబ్బు ఎంత అవసరమున్నా ఇచ్చేవాళ్ల మేలు కూడా చూసినవాడు కాబట్టే ఆయన మాట మీద జనానికి గురి కుదిరింది.

1841 డిసెంబరులో ఆయన చేసిన ఒక పని నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది. ఏటా ఆ నెలలో సభ పెట్టి, వార్షిక నివేదిక చదివేవాళ్లు. ఆ ఏడు డబ్బు బొత్తిగా లేదు. సభ పెడితే, పరిస్థితి చెబితే కానుకలు రాలడం ఖాయం. సరిగ్గా అందుకే సభ వాయిదా వేశాడు. ఇప్పుడు చెబితే అడిగినట్టే అవుతుంది కదా అన్నాడు. విరాళాల కోసం ఫొటోలు, బ్యానర్లు, కన్నీళ్లు అన్నీ వాడే ఈ రోజుల్లో ఇది పిచ్చిగా కనిపించొచ్చు. నాకు మాత్రం ఆ పట్టుదలలో ఆ పిల్లల గౌరవం కనిపిస్తుంది. వాళ్ల ఆకలిని ఆయన ఎప్పుడూ ఊళ్లో ప్రదర్శనకు పెట్టలేదు.

ఇదే పద్ధతి మన గోదావరి దాకా వచ్చింది. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరిని, వాళ్ల భార్యలను వెంటబెట్టుకుని ఓడలో మన దేశానికి వచ్చాడు. రెండు కుటుంబాలూ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డాయి. డొక్కల కరువు దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు. డెల్టాలో ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండ. ఈ ఇద్దరికీ కట్టుబడిన జీతం లేదు. బ్రిస్టల్‌లో ముల్లర్ నడిపిన సంస్థ నుంచి అప్పుడప్పుడూ సాయం వచ్చేది. ఓడ మీద ఆ సాయం చేరడానికి నెలలు పట్టేది. ఆ నెలల్లో పరాయి దేశంలో, పరాయి భాషలో, పిల్లాపాపలతో ఏ పూటకాపూట గడిపిన ఆ తల్లులు ఎంత ఓర్చి ఉంటారో! నరసాపురంలో ఇప్పటికీ ఉన్న ఆ పాత సంఘాల వెనక విల్సన్ వీధి నేర్పిన పాఠం కూడా ఉంది.

అక్కడ బ్రిస్టల్‌లో, 1849లో పిల్లలు విల్సన్ వీధి నుంచి యాష్లీ డౌన్ మీది కొత్త భవనానికి మారారు. 1857 నవంబరు 12న దాని పక్కనే రెండో భవనం తెరిచారు. అందులో ఇంకో నాలుగు వందల మందికి చోటు. ఆ ఇంటి పనులు ఇంకా సద్దుమణగకముందే మొదటి ఇంట్లో బాయిలర్ కారడం మొదలైంది.

దారులన్నీ మూసుకుపోయాక ముల్లర్ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇటుకలు ఊడదీయించి, చిల్లు వెతికించి, ఎలాగైనా మరమ్మతు చేయించి చూడాలి. పనివాళ్లతో మాట్లాడి రోజు ఖాయం చేశారు. బుధవారం మధ్యాహ్నం నిప్పు ఆర్పేయాలి.

రోజు ఖాయమైన తర్వాత గురువారమో శుక్రవారమో ఉత్తరపు గాలి మొదలైంది. ఆ ఏడు చలికాలంలో అసలైన చలి అప్పుడే దిగింది. మెరక మీది కట్టడం, చుట్టూ ఖాళీ నేల. ఎముకలు కొరికే గాలి. బాయిలర్ లోపల నిప్పు ఉండబట్టి పిల్లలు వెచ్చగా ఉన్నారు. ఇంకో అయిదారు రోజుల్లో ఆ నిప్పునే ఆర్పాలి.

ఈ చోట నేను ఆగి ఆలోచిస్తాను. ఆ రోజు మార్చుకోవచ్చు కదా? గాలి తగ్గాక చేయిద్దాం అనొచ్చు. కానీ తగ్గాక మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? డిసెంబరు వచ్చేసింది, ఆ వెనక జనవరి ఉంది. కారే బాయిలర్ జనవరి నడిమిన ఒక అర్ధరాత్రి పూర్తిగా చచ్చిపోతే? మరమ్మతు వాయిదా వేయడం సాధ్యం కాదని ఆయన రాశాడు. అందుకే ఖాయం చేసిన రోజును అలాగే ఉంచి, రెండు విషయాలు అడిగాడు. ఉత్తరపు గాలిని దక్షిణపు గాలిగా మార్చమన్నాడు. పనివాళ్లకు పని మీద మనసు పుట్టించమన్నాడు. ఆ రెండోది ఆయనకు బైబిల్లోని నెహెమ్యా కథ నుంచి తట్టింది. కూలిన యెరూషలేము గోడను యాభై రెండు రోజుల్లో లేపారంటే, రాళ్లు మోసినవాళ్లకు మనసు ఉండబట్టే.

ఈ రెండో కోరిక దగ్గరే ఆయన నాకు మరీ దగ్గరవాడనిపిస్తాడు. గాలి మారాలని ఎవరైనా కోరుకుంటారు. నేలమాళిగలో మసి పట్టి, నడుం వంచి, ఇనుము మీద సుత్తి వేసే కూలి మనసు గురించి ప్రార్థించడం ఎంతమందికి తడుతుంది? వాళ్లు తన నౌకర్లు కారు, వేరే కంపెనీ మనుషులు. గట్టిగా చెప్పో, కూలి ఎక్కువిచ్చో తొందర పెట్టొచ్చు. ఆయన ఆ మనసు దేవుడే ఇవ్వాలన్నాడు.

శనివారం గాలి తగ్గలేదు. ఆదివారం, సోమవారం అంతే. మంగళవారం సాయంత్రం కూడా ఉత్తరపు గాలే, అదే జోరు. ఆ రాత్రి ఆయన నిద్ర ఎలా పట్టిందో రాయలేదు. మూడు వందల మందిలో పసివాళ్ల ముఖాలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? ఒక్కటి మాత్రం తెలుసు. బుధవారం పని ఆపమని ఆయన కబురు పంపలేదు.

బుధవారం దక్షిణపు గాలి వీచింది.

తాను ప్రార్థించినట్టే సరిగ్గా జరిగిందని ఆయన రాసుకున్నాడు. వాతావరణం ఎంత మెత్తబడిందంటే నిప్పు అవసరమే లేకపోయింది. మధ్యాహ్నం బాయిలర్‌లో నిప్పు ఆర్పారు. ఇటుకలు తీశారు. చిల్లు ఎక్కడుందో దొరకదని భయపడ్డారు కదా, తొందరగానే దొరికింది. బాయిలర్ పనివాళ్లు లోపలికి దిగి మొదలుపెట్టారు. పైన పిల్లలు ఎప్పటిలాగే చదువుకున్నారు, భోజనాలు చేశారు, పడుకున్నారు.

రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ముల్లర్ ఇంటికి బయల్దేరబోతుంటే కింద గేటు దగ్గర కబురు చెప్పారు. బాయిలర్ కంపెనీ యజమాని స్థానంలో ఉన్నాయన పని ఎంతవరకు వచ్చిందో చూసి, కాస్త వేగం పెంచుదామని వచ్చారట. ముల్లర్ వెంటనే నేలమాళిగలోకి దిగాడు. ఆ చోటు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పక్కన పేర్చిన ఇటుకల గుట్టలు, తడి నేల, దీపాల వెలుగు, ఇనుము మీద సుత్తి మోత రాతి గోడలకు కొట్టుకుని తిరిగొస్తోంది. ముల్లర్ ఆ పెద్దమనిషితో పని త్వరగా కానివ్వాలన్నాడు. ఆయన పనివాళ్లకు వినపడేలాగే, వీళ్లు ఈ రాత్రి పొద్దుపోయేదాకా చేస్తారు, తెల్లవారుజామునే మళ్లీ వస్తారు అని చెప్పాడు.

అప్పుడు ఆ పనివాళ్ల పెద్ద తలెత్తి, అయ్యా, మేం రాత్రంతా ఆగకుండానే చేస్తామన్నాడు.

ముల్లర్‌కు తన రెండో కోరిక గుర్తొచ్చింది. అక్కడ నిలబడి దేవుణ్ణి స్తుతించాడు.

ఆ పనివాడి పేరు ఎక్కడా లేదు. ఆ కంపెనీ పేరూ ముల్లర్ రాయలేదు. ఎముకలు కుళ్లబొడిచే పని చేసిన మనిషి, పగలంతా చేసి ఇంటికెళ్లి పడుకునే హక్కున్న మనిషి, యజమానే అడగని మాట తానే అన్నాడు. పైన పడుకున్న పిల్లల సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయన ఇంట్లోనూ పిల్లలు ఉండి ఉండొచ్చు. ఈ గాథలో గాలి మళ్లడం కన్నా నన్ను ఎక్కువగా కదిలించేది ఆ మనిషే.

తెల్లారేసరికి చిల్లు పూడింది. తేలిగ్గా ఏమీ పూడలేదు; చాలా కష్టపడాల్సి వచ్చిందని ముల్లరే రాశాడు. తర్వాత ఇటుకలు మళ్లీ కట్టారు. దాదాపు ముప్పై గంటల్లో బాయిలర్‌లో మళ్లీ నిప్పు వెలిగింది. ఆ ముప్పై గంటలూ దక్షిణపు గాలే మెల్లగా వీచింది.

బ్రిస్టల్ ప్రాంతంలో చలికాలం గాలి దిక్కు మారడం వింత కాదని ఎవరైనా అనొచ్చు. నిజమే. అక్కడ దక్షిణపు గాలి, పడమటి గాలి తరచుగా వీస్తాయి. సముద్రం మీది వెచ్చదనాన్ని మోసుకొస్తాయి. ఆ గాలి వీచే దారి దేవుడు ఏర్పరిచిందేనని నమ్మేవాడికి ఇందులో తగువు లేదు. నమ్మనివాడితో వాదించడానికి నేను ఈ కథ ఎత్తుకోలేదు. నాకు ముఖ్యమైంది మంగళవారం సాయంత్రం. గాలి ఇంకా మారలేదు. ముందు రెండు దశాబ్దాలు రొట్టె కోసం, పాల కోసం, అద్దె కోసం, ఒక్కో పెన్నీ కోసం చివరి గంట దాకా ఎదురుచూసి, ఆ గంట దాటకుండా అందడం చూసిన మనిషి కాబట్టి ఆ సాయంత్రం ఆయన రోజు మార్చలేదు. విల్సన్ వీధిలో గోడకు అవతల ఉన్న మూడు పౌండ్లు ఆయనకు నేర్పింది ఇదే.

అలాగే ఆయన గ్యాసు లెక్కలు వేశాడు, స్టవ్‌లు పరిశీలించాడు, పనివాళ్లను కుదిర్చాడు, రాత్రి ఎనిమిదిన్నరకు నేలమాళిగలోకి దిగాడు. చేయగలిగింది చేసి, చేతిలో లేనిదాన్ని అడిగాడు. ఇవ్వాళ ఆసుపత్రి వార్డు బయట ఎవరికో రక్తం కోసం తిరుగుతున్నవాళ్లు, పక్కింటి ముసలమ్మకు పూటపూటా అన్నం తీసుకెళ్లేవాళ్లు, ఫీజు కట్టలేని పిల్లాడి కోసం నలుగురి తలుపు తట్టేవాళ్లు ఈ రెండూ కలిసి ఎలా ఉంటాయో ఎరుగుదురు. ఒళ్లు పనిలో ఉంటుంది, మనసు ప్రార్థనలో ఉంటుంది.

ముల్లర్ ఆ అనుభవాన్ని తన నివేదికలో అచ్చు వేయించాడు. ఎప్పటిలాగే ఇచ్చినవాళ్ల పేర్లు లేకుండా, వచ్చిన ప్రతి పెన్నీ లెక్కతో సహా. పని అక్కడితో ఆపలేదు. మూడో ఇంటి కోసం 1858లో స్థలం కొన్నాడు. ఆ ఇల్లు 1862లో తెరిచారు. 1868లో నాలుగోది, 1870లో అయిదోది. అయిదు ఇళ్లలో కలిపి రెండు వేల యాభై మందికి చోటు ఏర్పడింది. తొంభై రెండేళ్ల వయసులో, 1898 మార్చిలో ఆయన కన్నుమూసేనాటికి ఆ ఇళ్లలో పెరిగి వెళ్లినవాళ్లు పది వేలు. వాళ్లలో చాలామంది ఆడపిల్లలు ఇళ్లలో పనులకు, మగపిల్లలు వడ్రంగం, కుట్టుపని లాంటి చేతివృత్తులకు వెళ్లారు. వెళ్లే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ కొత్త బట్టలు, ఒక బైబిలు ఇచ్చి, ప్రార్థించి పంపేవాళ్లు.